చావులేని ఉత్తరం

డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఒకటి ఊహించుకోండి. ముప్ఫై సిస్టమ్‌లు, మూలన గోడకు బిగించిన ఇనప పెట్టె, అందులో రెండు స్విచ్‌లు, వాటిలోంచి జడలు జడలుగా వేలాడే నీలం వైర్లు. మర్నాడు ప్రాక్టికల్స్. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తున్నాడని ల్యాబ్ అసిస్టెంట్ గదంతా సర్దుతున్నాడు. ఒక వైరు కొస నేల మీద పడి ఉంది. ఎప్పుడో ఊడిపోయిందనుకున్నాడు. పైన స్విచ్‌లో ఒక పోర్టు ఖాళీగా కనిపించింది. గుచ్చాడు. టక్కుమని పట్టుకుంది.

నిమిషం తిరక్కుండానే పక్క గదిలోంచి కేక: “సార్, నెట్ పోయింది!” తర్వాత ఫీజుల కౌంటర్ నుంచి ఒకరు వచ్చారు. ఆ వెనకే ప్రిన్సిపల్ గారి అటెండరు. ల్యాబ్‌లో ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కు ఫైలు కూడా వెళ్లడం లేదు. ప్రింటరు పలకదు.

ఏ కంప్యూటరూ చెడలేదు. కరెంటు ఉంది. బయట నుంచి వచ్చే ఫైబర్ లైను బాగానే ఉంది. ఎవరూ ఏ వైరూ పీకలేదు, పైగా ఒకటి అదనంగా పెట్టారు. ఊరికి రెండో రోడ్డు వేసిన రోజే బస్సులన్నీ ఆగిపోయినట్టుంది ఇది.

పెట్టె తలుపు తీసి చూస్తే ఒక ఆనవాలు దొరుకుతుంది. స్విచ్ మీద పోర్టుకొక చిన్న లైటుంటుంది. మామూలు రోజుల్లో ఒకటి ఇప్పుడు మినుకుమంటే ఇంకొకటి ఇంకాసేపటికి మినుకుమంటుంది. ఎవరి పని వాళ్లది. ఇప్పుడు అన్ని లైట్లూ కూడబలుక్కున్నట్టు ఒకే లయలో, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటున్నాయి. అసిస్టెంట్ ఇందాక పెట్టిన వైరు పీకగానే క్షణాల్లో అంతా సద్దుమణిగింది.

ఆ వైరు రెండో కొస ఎక్కడుందని వెతికితే కింది స్విచ్‌లో తేలింది. ఆ రెండు స్విచ్‌ల మధ్య అప్పటికే ఒక వైరుంది. ఇది రెండోది. పైనుంచి కిందికి ఒక దారి, కింది నుంచి పైకి ఇంకో దారి కలిసి ఒక చక్రం తయారైంది. నెట్‌వర్క్ పనివాళ్లు దీన్నే లూప్ అంటారు.

మండువాలో మాటకు గడువెందుకు?

ఈథర్‌నెట్ 1973లో కాలిఫోర్నియాలో, జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధనా కేంద్రంలో పుట్టింది. బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దాన్ని తయారుచేశారు. అప్పట్లో స్విచ్‌లు లేవు. గదుల గుండా పోయే ఒకే ఒక కేబుల్, దానికి అక్కడక్కడ తగిలించిన కంప్యూటర్లు, అంతే. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఎవరి కోసమన్న మాట వాళ్లు తీసుకుంటారు, మిగతావాళ్లు వదిలేస్తారు. పాతకాలం మండువా ఇంట్లో నడిమధ్య నిలబడి “ఒరే చిన్నోడా” అని పిలిస్తే, చుట్టూ ఎన్ని గదులున్నా ఆ చిన్నోడొక్కడే పలికినట్టు.

కేబుల్ మీద పోయే ఒక్కో మాటను ఫ్రేమ్ అంటారు. మనం ఉత్తరం అనుకుందాం. దాని మీద ఎవరికి, ఎవరి నుంచి అని రెండు చిరునామాలుంటాయి. ఇవి కంప్యూటర్ తయారైనప్పుడే దాని నెట్‌వర్క్ కార్డులో ముద్రించిన నంబర్లు. మ్యాక్ అడ్రస్ అనే మాట వినే ఉంటారు, అదే. లోపల విషయం, చివర తప్పులు పట్టే ఒక అంకె. ఇందులో లేనిది ఒక్కటే: వయసు.

ఇంటర్నెట్ మీద ఊళ్లు దాటిపోయే ఐపీ ప్యాకెట్‌కు వయసుంటుంది. బయల్దేరేటప్పుడే దాని మీద ఒక అంకె వేసి పంపుతారు, చాలాసార్లు 64 లేదా 128. దారిలో ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా ఆ అంకెలోంచి ఒకటి తీసేస్తారు. సున్నా అయిందంటే ఆ రౌటర్ దాన్ని అక్కడే పారేస్తుంది. దారి తప్పి ఎంత తిరిగినా ఎక్కడో ఒకచోట చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఉత్తరానికి అలాంటి గడువు పెట్టలేదు. మతిమరుపేం కాదు. ఉన్నది ఒక్క కేబులైనప్పుడు దారి తప్పడమనే ప్రశ్నే లేదు. మండువాలో పిలిచిన పిలుపు మండువా దాటిపోదు కదా.

ఇల్లు పెరిగాక వచ్చింది చిక్కు.

కొత్త పోస్ట్‌మాన్

లావాటి ఈథర్‌నెట్ కేబుల్ ముక్క ఒకటి 500 మీటర్లు దాటకూడదు. ఆఫీసులు పెరిగాయి, అంతస్తులు పెరిగాయి, కంప్యూటర్లు పెరిగాయి. 1980లలో రెండు కేబుళ్ల మధ్య ఒక పెట్టె పెట్టి కలపడం మొదలుపెట్టారు. ఆ పెట్టె పేరు బ్రిడ్జి. ఇప్పుడు మనం స్విచ్ అంటున్నది ఎక్కువ పోర్టులున్న బ్రిడ్జే. పేరు మారింది గాని బుద్ధి మారలేదు.

ఆ బుద్ధి ముచ్చటైనది. బ్రిడ్జిని కొని తెచ్చి కరెంటిచ్చి వైర్లు గుచ్చితే చాలు, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఊరికి కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్‌ను తలుచుకోండి. ఎవరిల్లు ఎక్కడో అతనికి తెలియదు. కాని తూర్పు వీధి డబ్బాలో పడిన ఉత్తరం వెనక ‘పంపినవారు: రామయ్య’ అని ఉంటే, రామయ్య తూర్పు వీధిలో ఉంటాడని పుస్తకంలో రాసుకుంటాడు. రేపు రామయ్యకు ఉత్తరం వస్తే నేరుగా తూర్పు వీధికే పోతాడు. ఎవరిదో ఇంకా తెలియని చిరునామా అయితే నకళ్లు తీసి, వచ్చిన వీధి తప్ప మిగతా అన్ని వీధుల్లోనూ వేస్తాడు. అసలువాడు ఎక్కడో ఒకచోట అందుకుంటాడు. వాడు జవాబు రాసిన రోజున వాడి వీధి కూడా తెలిసిపోతుంది.

స్విచ్ ఇదే చేస్తుంది. వచ్చిన ప్రతి ఫ్రేమ్ మీద పంపినవారి నంబరు చూసి, ఏ పోర్టులోంచి వచ్చిందో రాసుకుంటుంది. ఒక కంప్యూటర్ 300 సెకన్ల పాటు పలక్కపోతే సాధారణంగా దాని పేరు కొట్టేస్తుంది. మనుషులు సిస్టమ్‌లు అటూ ఇటూ మారుస్తుంటారు కాబట్టి పాత రాతలు ఉంచుకోకూడదు.

ఇంకో రకం ఉత్తరముంది. ‘అందరికీ’ అని రాసి పంపేది. దండోరా లాంటిది, బ్రాడ్‌కాస్ట్ అంటారు. “ఈ ఐపీ అడ్రస్ ఎవరిది? చెప్పండి” అని కంప్యూటర్లు నిమిషానికి ఎన్నిసార్లో అడుగుతుంటాయి. ప్రింటర్లు “నేనున్నాను” అని చాటుకుంటుంటాయి. కొత్తగా ఆన్ చేసిన సిస్టమ్ “నాకో అడ్రసివ్వండి” అని అరుస్తుంది. వీటిని వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటిలోకీ పంపడం స్విచ్ ధర్మం.

ఈ పద్ధతిలో ఎక్కడా తప్పు లేదు, దారుల్లో చక్రం లేనంతవరకూ.

గానుగెద్దు, గొలుసు కార్డు

ల్యాబ్‌కు తిరిగి వద్దాం. పై స్విచ్‌కు తగిలించిన ఒక సిస్టమ్ దండోరా వేసింది. పై స్విచ్ దాని నకళ్లు అన్ని పోర్టుల్లోకీ పంపింది. వాటిలో రెండు, రెండు వైర్ల గుండా కింది స్విచ్‌కు చేరాయి. మొదటి వైరులోంచి వచ్చిన నకలును కింది స్విచ్ తన పోర్టులన్నిటిలోకీ పంపింది. అందులో రెండో వైరూ ఉంది. రెండో వైరులోంచి వచ్చిన నకలు అలాగే మొదటి వైరెక్కింది. రెండూ పై స్విచ్‌కు తిరిగొచ్చాయి. ఇవి ఇందాకటివేనని గుర్తుపట్టే మార్గం పై స్విచ్‌కు లేదు. వయసు లేదు, ముద్ర లేదు. కొత్తవే అనుకుని మళ్లీ పంపింది.

ఒకటి ఇటు నుంచి అటు, ఒకటి అటు నుంచి ఇటు, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. గానుగెద్దుకు సాయంత్రమైతే కాడి దింపుతారు. వీటికి అదీ లేదు. తిరిగిన ప్రతిసారీ ఆ స్విచ్‌లకు తగిలించిన ముప్ఫై సిస్టమ్‌లకూ మళ్లీ మళ్లీ నకళ్లు పోతుంటాయి. ఈలోగా ఇంకో సిస్టమ్ ఇంకో దండోరా వేస్తుంది. దానికీ చావు లేదు. ఒకటికొకటి చేరి కాసేపట్లో వైరు నిండిపోతుంది. మన మెయిల్, ఫీజు రసీదు, ప్రింటు అన్నీ ఆ మంద వెనక నిలబడిపోతాయి.

మూడో వైరు కూడా ఉందనుకోండి. అప్పుడు ఎద్దు ఒకటే మిగలదు. ఒక వైరులో వచ్చిన నకలు మిగతా రెండిట్లోకి పోతుంది, ఆ రెండూ అవతల నాలుగవుతాయి, నాలుగు ఎనిమిది. ఇరవై అంచెలు తిరిగేసరికి ఒకటి పది లక్షలు దాటుతుంది. పదిహేను పైసల కార్డుల రోజులు చూసినవాళ్లకు ఇది తెలిసిన జబ్బే. “ఈ కార్డు అందినవారు పదకొండుమందికి రాయాలి, రాయనివారికి కీడు” అని తిరుపతి పేరుతోనో సంతోషీమాత పేరుతోనో వచ్చిపడేవి. మనుషులైతే కొందరు చింపేసేవారు, కొందరు బద్ధకించేవారు. ఆ బద్ధకమే పోస్టాఫీసులను కాపాడింది. స్విచ్‌కు బద్ధకం లేదు. చెప్పిన పని సెకనుకు లక్షల సార్లు చేస్తుంది.

దీనితో పోస్ట్‌మాన్ పుస్తకం కూడా పాడవుతుంది. రామయ్య ఉత్తరం ఇప్పుడే తూర్పు వీధిలోంచి వచ్చింది, మరుక్షణం అదే ఉత్తరం పడమటి వీధిలోంచి వచ్చింది, మళ్లీ తూర్పు. పోస్ట్‌మాన్ రాసింది కొట్టేస్తూ, కొట్టేసింది రాస్తూ కూర్చుంటాడు. రామయ్యకు నిజంగా వచ్చిన ఉత్తరం తప్పు వీధికి పోతుంది. అందుకే లూప్ పడ్డప్పుడు నెట్ నెమ్మదించడంతో ఆగదు, పక్కపక్క సిస్టమ్‌లు కూడా ఒకదానికొకటి కనిపించకుండా పోతాయి.

> బాక్స్: ఒక సెకనులో ఎన్ని?
>
> ఈథర్‌నెట్‌లో అతి చిన్న ఫ్రేమ్ 64 బైట్లు. దాని ముందు వచ్చే మేల్కొలుపు గుర్తు, రెండు ఫ్రేమ్‌ల మధ్య వదలాల్సిన ఖాళీ కలిపితే 84 బైట్ల చోటు పడుతుంది. మామూలు ఆఫీసు స్విచ్‌లో ఒక పోర్టు వేగం సెకనుకు ఒక గిగాబిట్. ఆ లెక్కన ఒక్క పోర్టు గుండా, ఒక్క దిక్కున, సెకనుకు 14 లక్షల 88 వేల చిన్న ఫ్రేమ్‌లు పోగలవు. దండోరా ఉత్తరాన్ని ప్రతి కంప్యూటరూ విప్పి చూడాలి. అందుకే లూప్‌తో ఏ సంబంధమూ లేని సిస్టమ్‌లో కూడా మౌస్ కదలడం బరువవుతుంది.

శుక్రవారం ఇచ్చిన పని

వైరు పీకేస్తే సరిపోతుంది కదా, దానికో శాస్త్రమెందుకు? రెండు స్విచ్‌ల ల్యాబ్‌లో సరిపోతుంది. కాని పెద్ద నెట్‌వర్క్‌లో రెండో దారి కావాలనే పెడతారు. ఒక వైరు ఎలుక కొరికితే రెండోది ఉండాలి. ఒక స్విచ్ కాలిపోతే ఇంకోదాని మీదుగా పోవాలి. కారు డిక్కీలో స్టెప్నీ పెట్టుకున్నట్టు. రెండో దారి పెడితే లూప్, పెట్టకపోతే ఒక్క తెగుడుతో అంతా బంద్. రెండో దారి ఉండాలి, దాని మీద ఏదీ నడవకూడదు, అవసరం పడినప్పుడు మాత్రం మనిషి చెయ్యి పడకుండా తెరుచుకోవాలి.

ఈ ముడి విప్పింది రేడియా పెర్ల్‌మన్. 1951లో అమెరికాలో పుట్టింది. తల్లి ప్రోగ్రామర్, తండ్రి రాడార్ల మీద పనిచేసిన ఇంజినీరు. ఎంఐటీలో చదువుకునే రోజుల్లో మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలకు మీటలు నొక్కించి ప్రోగ్రామింగ్ నేర్పే సరదా యంత్రం ఒకటి తయారుచేసింది. 1980లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే పెద్ద కంప్యూటర్ కంపెనీలో చేరింది. అక్కడ ఆమె పని రౌటర్ల దారులు. ఉత్తరానికి వయసుండే లోకమన్నమాట. ఈథర్‌నెట్‌ను వట్టి తీగగానే చూడాలి, దాన్నే పూర్తి నెట్‌వర్క్ అనుకోవడం పొరపాటు అని ఆమె అప్పటినుంచీ చెబుతూనే ఉంది. అయినా జనం రౌటర్లు వదిలి ఈథర్‌నెట్ మీదే అంతా కట్టేశారు. ఇప్పుడు ఆ కేబుళ్లను కలిపే పెట్టె కావాలన్నారు.

ఆమె మేనేజర్ టోనీ లాక్ ఒక శుక్రవారం ఈ పని అప్పజెప్పి, పైగా ఒక మెలిక పెట్టాడు: నెట్‌వర్క్ ఎంత పెరిగినా, ఇందుకోసం పెట్టె ఖర్చుపెట్టే జ్ఞాపకం మాత్రం పెరగకూడదు. చెప్పి వారం రోజుల సెలవు మీద పోయాడు. ఆ రాత్రే ఆమెకు దారి దొరికింది. సోమ, మంగళవారాల్లో వివరంగా రాసేసింది. వారంలో మిగిలిన రోజులు? అడిగేవాడు ఊళ్లో లేడు, సెల్‌ఫోన్లు లేని కాలం. కూర్చుని ఆ పద్ధతి మీద ఒక పద్యం రాసింది. 1985లో ఆమె ప్రచురించిన పరిశోధనా పత్రంలో ఆ పద్యం కూడా ఉంది. ‘ఆల్గోరైమ్’ దాని పేరు. నెట్‌వర్క్ ఇంజినీర్లలో చాలామందికి ఆ పద్యం తెలుసు.

కుటుంబంలో పెద్ద ఎవరు?

పద్ధతి పేరు స్పానింగ్ ట్రీ. చెట్టులో మొదలు నుంచి ఏ ఆకుకైనా దారి ఒక్కటే. కొమ్మలు విడిపోతాయే గాని మళ్లీ కలుసుకోవు. (మర్రి ఊడల సంగతి వేరే. పెర్ల్‌మన్ మర్రిని తలుచుకుని ఉండదు.) వైర్లు ఎన్ని చక్రాలుగా అల్లుకున్నా, వాటిలో కొన్నిటిని మౌనంగా ఉంచి, మిగిలినవి చెట్టులా నిలిచేట్టు చూడాలి. ఏవి మౌనంగా ఉండాలో స్విచ్‌లే తేల్చుకోవాలి. పైనుంచి ఆజ్ఞ ఇచ్చేవారు లేరు. ఏ స్విచ్‌కూ మొత్తం నెట్‌వర్క్ పటం తెలియదు.

మొదట పెద్దను ఎన్నుకోవాలి. ప్రతి స్విచ్‌కూ ఒక గుర్తింపు నంబరుంటుంది. ఆన్ కాగానే ప్రతిదీ “నేనే పెద్దను, నా నంబరిది” అని ఇరుగుపొరుగు స్విచ్‌లకు చిన్న కబురు పంపుతుంది. తనకన్నా చిన్న నంబరు వినబడగానే నోరు మూసుకుని, ఇకనుంచి ఆ చిన్న నంబరునే పెద్దగా చెబుతుంది. కాసేపటికి ఊరంతా ఒకే పేరు పలుకుతుంది. దాన్ని రూట్ అంటారు, అంటే చెట్టు మొదలు.

తర్వాత దూరం. కబురులో ముఖ్యంగా మూడు ముక్కలుంటాయి: పెద్ద ఎవరు, నేను ఆయనకెంత దూరం, నేనెవరు. దూరమంటే ఇక్కడ మీటర్ల లెక్క కాదు, వైరు వేగం. వేగం ఎక్కువైన కొద్దీ దూరం తక్కువ. ప్రతి స్విచ్ తన పోర్టుల్లో ఏది పెద్దకు దగ్గరి దారో చూసుకుని దాన్ని ఉంచుకుంటుంది. ఒకే వైరుకు రెండు వైపులా ఉన్న స్విచ్‌ల్లో ఏది పెద్దకు దగ్గరో అదే ఆ వైరుకు బాధ్యురాలు. ఆ బాధ్యతా లేక, పెద్దవైపు దారీ కాక మిగిలిపోయిన పోర్టు మూసుకుంటుంది. మూసుకోవడమంటే చచ్చిపోవడం కాదు. చెవి తెరిచే ఉంటుంది, నోరు మాత్రం మూత.

మన ల్యాబ్‌లో పై స్విచ్ పెద్ద అయితే, కింది స్విచ్‌కు రెండు వైర్లలోనూ పెద్ద గొంతే వినిపిస్తుంది. దూరమూ ఒకటే. పేచీ తెగడానికి కబురు పంపిన పై స్విచ్ పోర్టు నంబరు చూస్తారు, చిన్నది నెగ్గుతుంది. రెండో వైరు మౌనంగా పడి ఉంటుంది. రేపు మొదటి వైరు ఊడితే ఇది తెరుచుకుంటుంది.

జ్ఞాపకం మెలిక కూడా తీరింది. స్విచ్ ఒక్కో పోర్టులో విన్న అన్నిటికన్నా మంచి కబురు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. నెట్‌వర్క్‌లో పది స్విచ్‌లున్నా వెయ్యి ఉన్నా దానికి పట్టింపు లేదు.

పద్ధతిలో నాకు నచ్చని వంకర ఒకటుంది. గుర్తింపు నంబరులో ముందు భాగం మనం మార్చుకోగలిగేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అన్నిట్లోనూ 32768 అని ఒకటే ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోతే పోటీ రెండో భాగానికి, అంటే మ్యాక్ అడ్రస్‌కు పోతుంది. పాత పెట్టెలకు తరచూ చిన్న నంబర్లుంటాయి. ఫలితం: లక్షలు పోసి కొన్న కొత్త స్విచ్ పక్కన నిలబడుతుంది, స్టోర్ రూములో దుమ్ము పట్టిన పాత స్విచ్ కుటుంబ పెద్ద అవుతుంది. ట్రాఫిక్ అంతా దాని చుట్టూ తిరుగుతుంది. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసిన కుర్రాళ్లకు ఇది ఇంటర్వ్యూ ప్రశ్నగా నోటికొచ్చు. కాని ఆఫీసులో కూర్చుని ఆ ఒక్క అంకె మార్చేవాళ్లు ఎంతమందో.

> బాక్స్: 50 సెకన్ల నిరీక్షణ
>
> పెద్ద ప్రతి 2 సెకన్లకొకసారి కబురు పంపుతుంది. నాడిలాగా. అది 20 సెకన్లు వినబడకపోతే దారి తెగిందని తేల్చుకుంటారు. మూసిన పోర్టు వెంటనే తెరుచుకోదు. 15 సెకన్లు వినడం, ఇంకో 15 సెకన్లు ఎవరెక్కడున్నారో నేర్చుకోవడం. మొత్తం 50. ఇంత ఓపిక ఎందుకంటే, తొందరపడి తెరిస్తే క్షణకాలం లూప్ పడొచ్చు. లూప్ ఒక సెకను ఉన్నా చాలు. ఆ 50 సెకన్లు నెట్ లేకపోవడం దానికన్నా నయం.
>
> 1990లో ఈ పద్ధతి 802.1డి అనే ప్రమాణమైంది. 2001లో 802.1డబ్ల్యూ వచ్చింది. ఇందులో గడియారం చూస్తూ కూర్చోరు, పక్కనున్న స్విచ్‌ను “తెరవనా?” అని అడిగి, “తెరువు” అంటే తెరుస్తారు. తరచూ సెకను లోపే అయిపోతుంది.

మౌనానికి రెండర్థాలు

ఇంతవరకూ చదివి ఇంక భయం లేదనుకుంటే, అసలు మెలిక ఇప్పుడొస్తుంది. మూసిన పోర్టు ఎందుకు మూసి ఉంటుంది? అవతలి స్విచ్ రెండేసి సెకన్లకొకసారి “నేను పెద్దకు నీకన్నా దగ్గర” అని చెబుతోంది కాబట్టి. ఆ గొంతు వినబడుతున్నంతసేపే ఇది నోరు మూసుకుంటుంది. వినబడకపోతే అవతల ఎవరూ లేరని అర్థం చేసుకుని తెరుచుకుంటుంది.

అవతలివాళ్లు ఉండీ వాళ్ల మాట మాత్రం చేరకపోతే?

ఫైబర్ కేబుల్‌లో సాధారణంగా పోవడానికి ఒక గాజు పోగు, రావడానికి ఒక పోగు ఉంటాయి. ఒకటి దెబ్బతిని రెండోది బాగుంటే, ఇటు చెవుడు వస్తుంది గాని నోరు పనిచేస్తుంది. పోర్టు తెరుచుకుంటుంది. లూప్. లేదా అవతలి స్విచ్ మరీ పనిలో మునిగి కబురు పంపడం ఆలస్యం చేస్తుంది. పోర్టు తెరుచుకుంటుంది. లూప్. ఆ లూప్‌తో స్విచ్‌లకు పని ఇంకా పెరుగుతుంది. ఇంకొన్ని కబుర్లు తప్పిపోతాయి. ఇంకొన్ని పోర్టులు తెరుచుకుంటాయి. రైల్వే గేటు కరెంటు పోతే మూతపడేలా చేస్తారు. ఇక్కడ కరెంటు పోతే గేటు లేస్తుంది.

2002 నవంబర్ 13న బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ అనే పెద్దాసుపత్రి నెట్‌వర్క్ ఇలాంటి స్పానింగ్ ట్రీ చిక్కులోనే కూలింది. రెండు ఆసుపత్రులు కలిసి ఒకటైన సంస్థ అది. ఏళ్ల తరబడి ఒక స్విచ్ వెనక ఇంకో స్విచ్ చేరుస్తూ పోయారు. స్పానింగ్ ట్రీలో 20, 15 సెకన్ల గడువులను ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏడు స్విచ్‌లకు మించి ఉండవన్న లెక్కతో పెట్టారు. అక్కడ నెట్‌వర్క్ కొన్ని చోట్ల ఆ ఏడు దాటిపోయింది. అలా దాటినా రోజులు గడిచిపోయాయి, ఎవరికీ తెలియలేదు. ఒక పరిశోధకుడు భారీ ఎత్తున డేటా పంపడం మొదలుపెట్టాడు. స్విచ్‌లు ఉక్కిరిబిక్కిరయ్యాయి. పెద్ద గొంతు అంచులకు చేరడం తప్పింది.

మూడు రోజులకు పైగా ఆసుపత్రి నెట్ నిలకడగా నిలబడలేదు. లేచినట్టే లేచి పడిపోయేది. మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ మళ్లీ కాగితం మీదికి మారాయి. కాగితాలు పట్టుకుని ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు మనుషులు పరుగెత్తారు. స్విచ్‌లు తయారుచేసిన సిస్కో కంపెనీ తన ఇంజినీర్లను, కొత్త పరికరాలను విమానంలో పంపింది. చివరికి ఆ ఒకే పెద్ద చెట్టును ముక్కలు చేసి మధ్యలో రౌటర్లు పెట్టారు. ఆసుపత్రి సమాచార విభాగాధిపతి జాన్ హలమ్కా జరిగినదంతా దాచకుండా బయటకు చెప్పాడు. అందువల్లే ఆ కథ మనకింత వివరంగా తెలుసు. ఇలాంటివి జరిగిన చాలా చోట్ల “సర్వర్ డౌన్” అని బోర్డు పెట్టి ఊరుకుంటారు.

బల్ల కింది చిన్న పెట్టె

పెద్ద సంస్థల సంగతి అలా ఉంచి మన ఆఫీసుల్లోకి వద్దాం. గోడకు ఒక్కటే పాయింటుంది, కూర్చునేది నలుగురు. వెయ్యి రూపాయల అయిదు పోర్టుల స్విచ్ ఒకటి కొనుక్కొచ్చి బల్ల కింద పడేస్తారు. అలాంటి చవక పెట్టెల్లో చాలావాటికి స్పానింగ్ ట్రీ అంటే తెలియదు. ఊడ్చేటప్పుడు ఊడిన వైరును ఎవరో రెండు కొసలూ దాంట్లోనే గుచ్చితే, ఆ లూప్‌ను ఆపేవాడు ఆ పెట్టెలో లేడు. వరద గోడ పాయింటు గుండా పెద్ద స్విచ్‌లోకి ఎక్కుతుంది.

వైరు లేకుండా కూడా లూప్ పడుతుంది. ఇంట్లో వైఫై అందని గదికి రెండో పెట్టె పెట్టి, అది మొదటిదానితో గాలిలో కలిసి ఉండగా, వేగం కోసమని వైరు కూడా కలిపారనుకోండి. గాలి ఒక దారి, వైరు ఒక దారి. మంచి పెట్టెలు గుర్తుపట్టి ఒకటి వదులుకుంటాయి, అన్నీ పట్టవు. లినక్స్ సర్వర్ మీద వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకు ఇంకో ముచ్చట. ఆ సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన బ్రిడ్జి ఉంటుంది. అందులో స్పానింగ్ ట్రీ మామూలుగా ఆపేసి ఉంటుంది, మనమే ఆన్ చేయాలి. రెండు నెట్‌వర్క్ కార్డులనూ ఆ బ్రిడ్జికి తగిలించి, రెండు వైర్లూ ఒకే స్విచ్‌లో గుచ్చితే, లోహంతో చేసిన స్విచ్‌లు పెట్టే తంటానే కంటికి కనబడని స్విచ్ పెడుతుంది.

నెట్ ఒక్కసారిగా అందరికీ ఆగి, లైట్లన్నీ ఒకే లయలో కొట్టుకుంటుంటే రీస్టార్ట్ జోలికి పోవద్దు. రీస్టార్ట్ చేసినా చక్రం అక్కడే ఉంటుంది. స్విచ్‌ల మధ్య వైర్లు ఒక్కొక్కటే తీస్తూ, లైట్లు ఎప్పుడు నెమ్మదిస్తాయో చూడండి. నెమ్మదించిన చోట ఆ వైరు అవతలి కొస వెతకండి. వైరు రెండు కొసలకూ తెల్ల ప్లాస్టరు చుట్టి పెన్నుతో నంబరు రాసి పెట్టుకున్న చోట ఈ వెతుకులాట అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. రాయని చోట మధ్యాహ్నం పడుతుంది.

పెద్ద డేటా సెంటర్లు ఈ చెట్టును చాలావరకు వదిలేశాయి. డబ్బు పోసి వేసిన వైర్లలో సగం నోరు మూసుకు కూర్చోవడం వాటికి గిట్టలేదు. అక్కడ ఇప్పుడు దారులన్నీ వాడుకునే రౌటింగ్ పద్ధతులున్నాయి. వాటిలో ఒకటైన ట్రిల్ 2011లో ప్రమాణంగా వచ్చింది. రాసినవాళ్లలో పెర్ల్‌మన్ ఉంది. ఉత్తరం చుట్టూ ఇంకో కవరు తొడిగి, ఆ కవరు మీద అంచెల లెక్క వేస్తారు. ఒక్కో అంచె దాటినప్పుడు ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే పారేస్తారు. 1973లో లేని వయసును ఇన్నాళ్లకు కవరు మీద రాశారు. ఆ ప్రమాణ పత్రంలో కూడా ఒక పద్యముంది, ఈసారి రాసింది ఆమె కొడుకు.

మన డిగ్రీ కాలేజీకి ట్రిల్ రాదు, అక్కర్లేదు కూడా. ఉన్న స్విచ్‌లు సెట్టింగులు మార్చుకోగలిగే రకమైతే మూడు పనులు చాలు. మధ్య స్విచ్‌కు చిన్న అంకె ఇచ్చి పెద్దను మనమే నియమించాలి. స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. కంప్యూటర్లకు పోయే పోర్టులన్నిటి మీదా కాపలా పెట్టాలి. ఈ కాపలా సంగతి తేలిక. కంప్యూటర్ ఎప్పుడూ “పెద్ద ఎవరు” అని కబురు పంపదు. అలాంటి కబురు ఆ పోర్టులోకి వచ్చిందంటే అవతల ఉన్నది కంప్యూటర్ కాదు, ఇంకో స్విచ్చో లేక చక్రం తిరిగి వచ్చిన తన గొంతో. ఆ క్షణమే పోర్టు బంద్.

అలా చేసిన ల్యాబ్‌లో వచ్చే ఏడాది ప్రాక్టికల్స్ ముందు రోజు, సర్దుతుంటే మళ్లీ ఒక వైరు కొస దొరుకుతుంది. ఖాళీ పోర్టులో గుచ్చుతారు. రెండు సెకన్లలో ఆ పోర్టు లైటు ఆరిపోతుంది. పక్క గదిలో కేకలుండవు, ఫీజుల కౌంటర్ నడుస్తూనే ఉంటుంది. స్విచ్ లోపల లాగ్‌లో ఒక వరుస చేరుతుంది, దాన్ని ఎవరూ చదవరు. ల్యాబ్ అసిస్టెంట్ మాత్రం వైరు రెండుసార్లు తీసి పెట్టి చూసి, రిజిస్టరులో రాసుకుంటాడు: “పదిహేడో నంబరు పోర్టు పాడైంది.”